చంటిబిడ్డ నీళ్ళు తాగనంటే

(పోలవరంలో పాల ఉత్పత్తిదారుల సంఘం మహిళా సభ్యుల సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. పది సంగతులు చెబితే మీరు ఇల్లు చేరేసరికి ఒకటీ గుర్తుండదు. అందుచేత ఒక్కటే చెబుతాను. రోహిణి కార్తె వచ్చిందంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళ తల్లులు నన్ను తరచూ అడిగేది ఇదే: "సిస్టరు గారూ, మావాడు చుక్క నీళ్ళు ముట్టడం లేదండీ. నోరెండిపోతుందేమోనని భయంగా ఉందండీ. ఏం చెయ్యమంటారు?"

నేను వెంటనే జవాబు చెప్పను. "ఎన్నో నెలమ్మా?" అని అడుగుతాను. ఎందుకంటే ఆరు నెలలు నిండని బిడ్డ నీళ్ళు తాగనంటే తప్పు బిడ్డది కాదు, పోసేవాళ్ళది. ఆరు నెలలు నిండిన బిడ్డకయితే నేర్పాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చిక్కులు వస్తున్నాయి.

ముందు ఆరు నెలల లోపు సంగతి. పాలంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు పూటలా సంఘంలో లాక్టోమీటరు చూస్తున్నారు, వెన్నశాతం రాయించుకుంటున్నారు. గేదెపాలు ఎంత చిక్కగా ఉన్నా నూటికి ఎనభై పాళ్ళు పైగా నీళ్ళే. తల్లిపాలలో అయితే నూటికి దాదాపు 88 పాళ్ళు నీళ్ళు. అందులోనూ పితికేటప్పుడు మీరు చూస్తూనే ఉంటారు, మొదటి ధారలు పలచన, చివరి ధారలు చిక్కన. తల్లి రొమ్ములోనూ అంతే. బిడ్డ పట్టగానే ముందు వచ్చే పలచని పాలతో దాహం తీరుతుంది, తరువాత వచ్చే చిక్కటి పాలతో ఆకలి తీరుతుంది. దాహం వేసిన బిడ్డ ఎక్కువసార్లు రొమ్ము అడుగుతాడు, కొద్దిసేపు తాగి వదిలేస్తాడు. చూసేవాళ్ళు "పాలు చాలడం లేదు, నీళ్ళు పట్టండి" అంటారు. అడిగినప్పుడల్లా ఇవ్వడమే దానికి మందు.

"మన ఎండలు మీకు తెలియవా సిస్టరు గారూ" అంటారు. తెలుసు. నేనూ ఈ ఎండల్లోనే తిరిగాను. డాక్టర్లకూ ఒకప్పుడు ఇదే అనుమానం ఉండేది. అందుకే మండుటెండల్లో తల్లిపాలు తప్ప మరేమీ తాగని పిల్లల మూత్రం పరీక్షించి చూశారు. మన దేశంలోనే పల్లెల్లో చేసిన పరిశోధన 1990లో అచ్చయింది. ఢిల్లీలో డాక్టర్ సచ్‌దేవ్, ఆయన సహచరులు చేసినది 1991లో వచ్చింది. రెండింటిలోనూ తేలింది ఒకటే, ఆ పిల్లలకు పైనుంచి నీళ్ళు అవసరం లేదని. 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు ఒక్కటే ఇమ్మని చెబుతున్నది.

అవసరం లేకపోతే లేదు, పోస్తే నష్టమేమిటి అంటారేమో. పాలలో నీళ్ళు కలిపితే సంఘంలో లాక్టోమీటరు లోతుకు మునిగిపోతుంది, పట్టుబడిపోతాం. బిడ్డ పొట్టలో నీళ్ళు కలిపితే పట్టే మీటరు లేదు. నెల తరువాత తూకంలో మాత్రం కనిపిస్తుంది. చంటిబిడ్డ పొట్ట ఎంతని? ఒక చిన్న గిన్నెడు నీళ్ళతో అది నిండిపోతే బిడ్డ రొమ్ము పట్టడు. దూడ కుడవకపోతే గేదె చేపుతుందా? పొదుగు ఖాళీ కాకపోతే నాలుగు రోజుల్లో పాలు తగ్గవూ? తల్లికీ అంతే. అప్పుడు "నీకు పాలు లేవు" అని ఆమె మీదే నింద. ఆపైన గేదెపాలకు సగానికి సగం నీళ్ళు కలిపి సీసాలో పోయడం మొదలవుతుంది. ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. నెలల బిడ్డ మూత్రపిండాలు ఎక్కువ నీటిని బయటికి పంపలేవు. ఒంట్లో ఉప్పు పలచబడిపోయి ఫిట్స్ వచ్చిన పిల్లలు ఉన్నారు. పంచదార నీళ్ళు, గ్రైప్ వాటరు, వసకొమ్ము అరగదీసిన నీళ్ళు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మన ఇళ్ళలో నాకు ఎప్పటికీ అంతుపట్టని వింత ఒకటున్నది. నీళ్ళు కావలసిన బాలింతకేమో కొలిచి పోస్తాం. "పచ్చి ఒళ్ళు, పొట్ట పెరుగుతుంది, జలుబు చేస్తుంది" అని పూటకి అరగ్లాసు ఇచ్చి సరిపెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్ళు అక్కరలేని పసిగుడ్డుకేమో నోరు తెరిచి మరీ పోస్తాం. మీరు పాడి చేసేవాళ్ళు, మీరే చెప్పండి. ఈనిన గేదెకు తొట్టిలో నీళ్ళు లేకుండా కట్టేస్తే సాయంత్రానికి పాలు ఎంత ఇస్తుంది? ఎండాకాలం పాలిచ్చే గేదె రోజుకి అరవై, డెబ్భై లీటర్లు తాగేస్తుందని దానికి రెండుసార్లు తొట్టి నింపుతాం. కోడలికి మాత్రం చెంబు అందనివ్వం! బాలింతను దాహం వేసినంతా తాగనివ్వాలి. బిడ్డకు పాలిచ్చేటప్పుడు పక్కన ఒక చెంబు నీళ్ళు పెట్టండి. దాహం లేకపోయినా కడవలు కడవలు తాగితే పాలు పొంగుతాయని కాదు నేను చెప్పేది. దాహాన్ని అణచవద్దని చెబుతున్నాను.

ఇక ఆరు నెలలు నిండిన బిడ్డ. మన పెద్దవాళ్ళు అన్నప్రాశన ఆరో నెల ప్రాంతంలో పెట్టారు. అది మంచి లెక్కే. ఆడపిల్లకు బేసి నెల చూస్తారు కాబట్టి కొందరు అయిదో నెలలోనే కానిచ్చేస్తున్నారు. ఏడో నెలలో పెట్టించుకోండి, శాస్త్రానికీ వైద్యానికీ సరిపోతుంది. నీళ్ళు కూడా ఆ అన్నంతోనే మొదలు. గట్టి పదార్థం కడుపులో పడ్డప్పుడు నీటి అవసరం వస్తుంది. అయితే ఎంత? మొదటి రోజుల్లో రెండు మూడు గుక్కలు. ఏడాది నిండేలోపు రోజు మొత్తానికి పావు లీటరు లోపు చాలు. తల్లిపాలు అప్పటికీ తాగుతూనే ఉంటాడు, అందులోనూ నీరున్నదన్నది మరచిపోవద్దు.

బిడ్డ ఆ రెండు గుక్కలూ తాగనంటే? ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దవాడికి ఏడో నెల. మే నెల ఎండలు. ఉగ్గు తింటున్నాడు, నీళ్ళు ఉమ్మేస్తున్నాడు. రెండు రోజులు చూసి మా అత్తగారు వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ముక్కు నొక్కి, ఉగ్గుగిన్నె కొమ్ము నోట్లో పెట్టి ఒంచేసింది. వాడు కాళ్ళు తన్నుకుంటుంటే ఆ కాళ్ళు పట్టుకున్నది నేనే. అప్పటికే నేను నర్సుని! పొలమారింది. ముఖం నల్లబడిపోయింది. బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే ఎప్పటికో దగ్గి ఏడ్చాడు. ఆ తరువాత జ్వరం, ఆయాసం, ఆస్పత్రి. దక్కాడు. కాని మూడు నెలల పాటు గిన్నె కనబడితే చాలు నోరు బిగించేసేవాడు. నీళ్ళంటే భయం వాడికి పుట్టుకతో రాలేదు, మేము నేర్పాం. మా అత్తగారిని తప్పు పట్టను. ఆమెకు వాళ్ళ అత్తగారు అలాగే చూపించింది.

దూడకు బాల్చీలో పాలు తాగడం నేర్పే తీరు మీకు తెలుసు. తల పట్టుకుని బాల్చీలో ముంచితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి దూడ చస్తుంది. అందుకని వేలు పాలలో ముంచి నోటికి అందిస్తారు. వేలు చీకుతుంటే మెల్లగా చేతిని బాల్చీలోకి దించుతారు. ఒక పూటతో రాదు, రెండు మూడు రోజులు పడుతుంది. దూడ దగ్గర ఉన్న ఓర్పు మనవడి దగ్గర ఎందుకు ఉండదో నాకు తెలియదు.

బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. పడుకోబెట్టి వద్దు. చిన్న స్టీలు గ్లాసులో అడుగున రెండు చెంచాల నీళ్ళు పొయ్యండి. గ్లాసు అంచు కింది పెదవికి ఆనించి, నీళ్ళు పెదవిని తాకేంత వరకే వంచి ఆగండి. పొయ్యకండి. బిడ్డ నాలుకతో తడుముకుంటాడు, చప్పరిస్తాడు, సగం గడ్డం మీదుగా కారిపోతుంది. కారనివ్వండి, ఆ కారడం లోనే నేర్చుకుంటాడు. ఉగ్గుగిన్నె మీద నాకు పగ ఏమీ లేదు. నెల తక్కువగా పుట్టిన పిల్లలకు ఆస్పత్రుల్లో అలాంటి గిన్నెతోనే పాలు పడతారు. కాని వాళ్ళు కూర్చోబెట్టి, చుక్క చుక్కగా, మింగిందాకా ఆగి పడతారు. కొమ్ము గొంతులోకి పెట్టరు.

వేళ కూడా చూడాలి. పాలు తాగి పొట్ట నిండిన బిడ్డకు నీళ్ళు చూపిస్తే ముఖం తిప్పుకోక ఏం చేస్తాడు? నాలుగు ముద్దలు తిన్నాక మధ్యలో ఒకసారి, తినడం అయ్యాక ఒకసారి చూపించండి. వద్దని తల తిప్పితే ఊరుకోండి. ఇంకో పూట ఉన్నది. అన్నిటికంటే బాగా పనిచేసేది ఏమిటంటే, మీరు వాడి ఎదురుగా గ్లాసుతో తాగడం. తాతగారు తాగుతుంటే ఆ గ్లాసు కోసం చేయి చాచని బిడ్డను నేను ఇంతవరకు చూడలేదు. మా రెండోవాడు నీళ్ళు నేర్చుకున్నది అలాగే, ఎవరూ నేర్పకుండా. కొందరు పిల్లలకు గోరువెచ్చని నీళ్ళు వెగటు, కుండలో చల్లారినవి పెడితే ఇష్టంగా తాగుతారు. అదీ చూడండి.

ఒక్క ఉపాయం మాత్రం వద్దు. గేదె నీళ్ళు తాగకపోతే గుప్పెడు తవుడు చల్లుతాం, గటగటా తాగేస్తుంది. అదే తెలివి బిడ్డ దగ్గర వాడి పంచదార కలుపుతారు. తీపి మరిగిన బిడ్డ మంచినీళ్ళు ఎప్పటికీ ముట్టడు, రాబోయే పళ్ళు పుచ్చిపోతాయి. తేనె అయితే ఏడాది లోపు నాలుకకు రాయను కూడా వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మక్రిమి పసిపిల్లల పేగులో విషం పుట్టించి కండరాలు చచ్చుపడేలా చేస్తుంది. పాలసీసా కూడా వద్దు. దాని పీకను ఎంత తోమినా మురికి పోదు. వాటికి వ్యాపార ప్రకటనలు ఇవ్వకూడదని 1992లో చట్టమే వచ్చింది.

నీళ్ళు అసలు ముట్టని మొండివాడికి తిండిలోనే నీరు చేర్చవచ్చు. పలచని పప్పుకట్టు, జారుగా కలిపిన ఉగ్గు, ఎనిమిదో నెల నుంచి కాస్త పెరుగన్నం, ఎండాకాలం తాటిముంజలు. ముంజ పైతొక్క తీసి మెత్తగా నలిపి పెట్టాలి, ముక్కగా పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. చాలినంత నీరు అందుతున్నదా లేదా అని ఎలా తెలుస్తుంది అంటే, బిడ్డ రోజుకి ఆరుసార్లు తక్కువ కాకుండా పలచగా మూత్రం పోస్తున్నాడా చూడండి. పోస్తూ, ఆడుకుంటూ ఉంటే నీళ్ళు తాగలేదని బెంగ అక్కరలేదు. ఇందాక మీటరు లేదన్నాను కాని, ఇది ఉన్నది.

వెనక వరసలో ఒకావిడ అడుగుతున్నారు, "అయితే మన సంఘం పాలు పిల్లలకు పొయ్యొద్దంటారా?" అని. కార్యదర్శి గారు నా వంక చూస్తున్నారు! ఏడాది లోపు తల్లిపాలకు బదులుగా గేదెపాలు వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. తల్లిపాలలో కన్నా వాటిలో మాంసకృత్తులు దాదాపు నాలుగింతలు. అవి దూడ ఎముకకు, దూడ బరువుకు తయారయినవి. ఏడాది నిండిన తరువాత మాత్రం పొయ్యాలి. డబ్బు కోసం ఆఖరి చుక్కదాకా కేంద్రంలో పోసేసి ఇంట్లో పిల్లలకు టీ నీళ్ళు పట్టించే ఇళ్ళు నాకు తెలుసు. ఒక గ్లాసుడు అట్టేపెట్టుకోండి.

ఇప్పుడు ఆ నీళ్ళు ఎలాంటివో చూద్దాం. గోదావరి ఒడ్డున ఉన్నాం, నీటికి కరువు లేదు. కాని వరద వచ్చిందంటే ఏరంతా ఎర్రనీరే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి వరద తీశాక బావులు, బోర్లు అన్నీ బురదే. మన అమ్మమ్మలు కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. మట్టి అడుగుకు దిగి, పైన నీరు తేటగా నిలిచేది. మంచి పద్ధతే, పటిక కూడా అదే పని చేస్తుంది. కాని తేటనీరు వేరు, శుభ్రమైన నీరు వేరు. చిల్లగింజ మట్టిని దింపుతుంది, క్రిములను చంపదు. తేరిన నీటిని వంచుకుని, కళపెళ మరిగే దాకా కాచి, మూత పెట్టి చల్లార్చి అప్పుడు బిడ్డకు పట్టండి. పాలక్యానులో ఎవరైనా చేయి ముంచితే మీరు ఊరుకుంటారా? బిడ్డ నీళ్ళ బిందెలో మాత్రం అందరూ గ్లాసు పెట్టి వేళ్ళతో సహా ముంచుతారు. కాడ ఉన్న గరిటె ఒకటి దానికి వేరే పెట్టుకోండి.

చివరికి అసలు భయపడవలసిన చోటికి వచ్చాను. మామూలు రోజుల్లో నీళ్ళు తాగకపోతే కంగారుపడి ముక్కు నొక్కి పోసే తల్లే, బిడ్డకు విరేచనాలు పట్టుకున్న రోజున నీళ్ళు ఆపేస్తుంది. "పోసిందంతా పోతున్నది, కడుపు ఎండగడితే కట్టుకుంటుంది" అంటారు. పిల్లలు పోయేది ఇక్కడ. విరేచనంతో నీరూ ఉప్పూ పోతాయి. పోయినదాన్ని పోయినట్టు నోటి ద్వారా తిరిగి ఇవ్వాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్‌లోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా పాకింది. సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులచేతనే పట్టించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ నీళ్ళే నేడు మనకు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లుగా వస్తున్నాయి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం ప్యాకెట్టు, అరగ్లాసు నీళ్ళు అని ఉజ్జాయింపు పనికిరాదు. లీటరు కొలత మన ప్రతి ఇంట్లోనూ ఉన్నది, పాలు కొలిచేదే. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరకని వేళ లీటరు నీటికి తలకొట్టిన చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇందాక పంచదార వద్దన్నాను, ఇది మాత్రం మందు. దుకాణాల్లో ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలు వేరు. వాటిలో పంచదార ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు వాటి మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తరువు ఇచ్చింది. కాబట్టి కొనేటప్పుడు పొడి ప్యాకెట్టు అడగండి.

విరేచనాలు పట్టిన బిడ్డ ఓ.ఆర్.ఎస్. తాగనంటే ఏం చెయ్యాలి? గ్లాసు ఎత్తి పొయ్యొద్దు. టీ చెంచాతో రెండు నిమిషాలకు ఒక చెంచా. చెంచాకు 5 మిల్లీలీటర్లు, గంటకు ముప్పై చెంచాలు, అంటే 150 మిల్లీలీటర్లు లోపలికి పోయినట్టే. పాలు పితకడానికి కూర్చున్నంత ఓపికగా కూర్చోవాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలు పెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా. రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు వెళ్ళాలి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు వద్దన్నాను కదా, విరేచనాలప్పుడు తల్లిపాలతో పాటు ఓ.ఆర్.ఎస్. ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు బిళ్ళలు విరేచనాలు కట్టినా 14 రోజులూ వెయ్యండి.

ఇంత చేసినా బిడ్డ గుటక వెయ్యలేకపోతే, కళ్ళు లోతుకు పోయి, మాడు గుంట పడి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా దిగుతుంటే, లేపినా మగతగా ఉంటే, ఆరు గంటల పాటు మూత్రం రాకపోతే, ఇంక ఇంట్లో చెంచాలు లెక్కపెట్టవద్దు. మలంలో నెత్తురు కనిపించినా అంతే. 108కి చెప్పి ఆస్పత్రికి బయలుదేరండి. దారి పొడుగునా మింగగలిగినంత పడుతూ వెళ్ళండి.

కార్యదర్శి గారి బల్ల మీద ప్యాకెట్లు పెట్టించాను. ఇంటికి రెండేసి తీసుకోండి. నెలల పిల్లలున్నవాళ్ళు ఒక్క పావుగంట ఆగితే గ్లాసు పట్టే తీరు చూపిస్తాను. ఆ మూలన ఎనిమిదో నెల పాప అప్పుడే నా గ్లాసు వంక చూస్తోంది, ఆమెతోనే మొదలుపెడదాం.